కేలరీలు లెక్కపెట్టే వంటింటికి ఏ కాటా కావాలి: మన సంగటిని, చెనిక్కాయలను, నూనెను ముందుంచుకుని ఒక పోలిక

బరువు తగ్గడానికో, షుగర్‌ను అదుపులో ఉంచుకోవడానికో కేలరీలు లెక్కపెట్టడం మొదలుపెట్టేవారు తిండిని దేనితో కొలవాలన్న విషయాన్ని ముందుగా తేల్చుకోవాలి. అనంతపురంలో ఉన్నవారికి ఇందుకు మార్గాలు చాలానే ఉన్నాయి. ఖర్చు లేనివి కావాలంటే చేతి అందాజు ఉంది, ఇంట్లోని గరిటెలూ గ్లాసులూ ఉన్నాయి. కొద్దిపాటి ఖర్చుకు గుర్తులున్న కొలత కప్పులు, చెంచాలు వస్తాయి. ముల్లు తిరిగే స్ప్రింగ్ కాటాలు, ఒక గ్రాము వరకు చూపే వంటింటి డిజిటల్ కాటాలు, నగలు తూచే రకం బుల్లి కాటాలు పాతూరు అంగళ్ళలో వెతికినా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా దొరుకుతాయి. ఇవి కాక ఫోనుతో జతపడే కాటాలు కూడా ఇప్పుడు వస్తున్నాయి. నా అభిప్రాయం మొదటే చెబుతాను: ఐదు కిలోల వరకు మోయగలిగి, ఒక గ్రాము తేడా చూపే, పైభాగం చదునుగా ఉన్న మామూలు డిజిటల్ కాటా నూటికి తొంభై ఇళ్ళకు సరిపోతుంది. అంతకన్నా సున్నితమైన కాటా కోసం డబ్బు పెట్టేముందు, ఉన్న కాటాతో దేన్ని తూచాలో, ఏ దశలో తూచాలో నేర్చుకోవడం వల్ల లెక్క ఎక్కువగా బాగుపడుతుంది.

ఈ మాట ఎందుకంటున్నానో తెలియాలంటే మన తట్టలో (కంచంలో) కేలరీలు ఎక్కడున్నాయో చూడాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాల పోషక విలువలతో ఒక పట్టిక ప్రచురించింది. దాని ప్రకారం 100 గ్రాముల రాగులలో సుమారు 321 కేలరీలు, జొన్నలలో 334, పాలిష్ పట్టిన బియ్యంలో 356, కందిపప్పులో 330, వేరుశనగ (చెనిక్కాయ) విత్తనాలలో 520 ఉంటాయి. ఏ వంటనూనె అయినా 100 గ్రాములకు 900 కేలరీలు ఇస్తుంది. ఆ పట్టిక శక్తిని కిలోజౌళ్ళలో చూపుతుంది కనుక, అందులోని అంకెను 4.184తో భాగిస్తేనే మనం వాడే కేలరీలు వస్తాయన్నది గుర్తుంచుకోవాలి. ఇక వండిన తర్వాత సంగటిలోనూ అన్నంలోనూ నీరు చేరుతుంది, కాబట్టి 100 గ్రాముల సంగటిలో తొంభై చిల్లర, అన్నంలో 120 నుంచి 140 వరకు మాత్రమే మిగులుతాయి. అంటే సంగటి తూకంలో పది గ్రాములు పొరపాటు జరిగితే లెక్కలో తొమ్మిది కేలరీలు తేడా వస్తుంది, అదే పది గ్రాముల పొరపాటు నూనెలో జరిగితే తొంభై కేలరీలు తేడా వస్తుంది. కాటా ఎంపికకు సంబంధించిన ప్రతి నిర్ణయమూ ఈ పదింతల వ్యత్యాసం నుంచే రావాలి.

చెయ్యి, గరిటె, గ్లాసు

చేతి అందాజును పూర్తిగా తీసిపారేయనక్కరలేదు. ఆకుకూరలు, దోసకాయ, టమాట, పలుచని మజ్జిగ, చారు వంటివి ఎంత తిన్నా కేలరీలు తక్కువే కనుక, వాటిని తూచడానికి వెచ్చించే శ్రమ దండుగ. సంగటి ముద్ద సంగతి అలా కాదు. ఒక ఇంట్లో ముద్ద అంటే పావు కిలో, మరో ఇంట్లో అర కిలో ఉండవచ్చు, ఒకే ఇంట్లో కూడా అమ్మ చేసిన ముద్ద, కోడలు చేసిన ముద్ద ఒకే బరువు ఉండవు. అయితే చేసే మనిషీ, వాడే గిన్నే మారకపోతే ముద్ద బరువు చాలా వరకు నిలకడగా ఉంటుంది. కాబట్టి కొన్నాళ్ళ పాటు ముద్దను తూచి చూసుకుని, ఆ తర్వాత అదే గిన్నెను కొలతగా నమ్ముకోవడం తప్పేమీ కాదు.

అందాజు పూర్తిగా బోల్తా కొట్టించేది చెనిక్కాయల దగ్గర. వేయించిన విత్తనాలు పిడికెడు అన్నప్పుడు, చిన్న చేతికి పాతిక గ్రాములు, పెద్ద చేతికి నలభై గ్రాములు రావచ్చు. మొదటిది 130 కేలరీలు, రెండవది 208. సాయంత్రం పూట మాటల్లో పడి మరో పిడికెడు తింటే ఒక ముద్ద సంగటికి సమానమైన కేలరీలు చేరిపోతాయి, కానీ కడుపు నిండిన భావన మాత్రం ముద్ద తిన్నంతగా రాదు. అనంతపురం జిల్లాలో చెనిక్కాయ లేని వంటిల్లు ఉండదు, చట్నీలో, పొడిలో, కూరకు వేసే ముద్దలో, బెల్లంతో చేసే ఉండల్లో అన్నిటా అదే ఉంటుంది. ఈ ప్రాంతంలో కేలరీలు లెక్కపెట్టే వ్యక్తి ఒక్క పదార్థాన్ని మాత్రమే తూచగలనంటే, నూనె తర్వాత నేను చెప్పే పేరు చెనిక్కాయలదే.

కొలత కప్పులు, చెంచాలు

ద్రవాలకు ఇవి పనికివస్తాయి. పాలు, మజ్జిగ, ముక్కలు లేని పప్పుచారు వంటివాటికి గుర్తులున్న కప్పు ఇచ్చే లెక్క చాలినంత ఖచ్చితంగా ఉంటుంది. పాల విషయంలో కొలత కన్నా రకం ముఖ్యం, ఎందుకంటే ఆవుపాలు 100 గ్రాములకు 73 కేలరీలైతే గేదెపాలు 107 ఉంటాయి, నీళ్ళు కలిపిన పాల సంగతి వేరే. ప్రామాణికమైన పెద్ద చెంచా 15 మిల్లీలీటర్లు, చిన్న చెంచా 5 మిల్లీలీటర్లు. నూనె నీటికంటే తేలిక కనుక పెద్ద చెంచాడు నూనె పదిహేను గ్రాములు కాకుండా పద్నాలుగు గ్రాములకు కాస్త తక్కువగా, అంటే సుమారు 123 కేలరీలుగా లెక్కకు వస్తుంది. నూనె ప్యాకెట్ల మీద ఒక లీటరు పక్కన 910 గ్రాములని వేసేది ఈ కారణం చేతనే.

అసలు ఇబ్బంది మనం ఇంట్లో వాడే చెంచాలు ఈ కొలతలకు తయారైనవి కాకపోవడం. తినే చెంచా ఒక్కో సెట్టులో ఒక్కో లోతు ఉంటుంది, తిరగవాత గరిటె సంగతి చెప్పనే అక్కరలేదు. పొడుల దగ్గర ఈ పద్ధతి ఇంకా బలహీనపడుతుంది. రాగిపిండిని కప్పులోకి వదులుగా పోస్తే ఒక బరువు, కప్పును గట్టు మీద రెండుసార్లు తట్టి నింపితే మరో బరువు వస్తుంది, ఈ రెంటి మధ్య ఐదోవంతు తేడా రావడం మామూలే. చెనిక్కాయల పొడిని చెంచాతో తలకొట్టి తీసుకున్నామా, గోపురంగా తీసుకున్నామా అన్నదాన్ని బట్టి బరువు దాదాపు రెట్టింపవుతుంది. ఉగ్గాని (బొరుగుల ఉప్మా) చేయడానికి వాడే బొరుగులు దీనికి పూర్తిగా వ్యతిరేకం: గిన్నె నిండా కనిపించినా బరువు చాలా తక్కువ. అందుచేత పరిమాణాన్ని చూసి కేలరీలు ఊహించడానికి అలవాటుపడిన కన్ను బొరుగులను ఎక్కువగా, వాటిలో పడిన నూనెను, పప్పుల పొడిని తక్కువగా అంచనా వేస్తుంది.

స్ప్రింగ్ కాటా, తక్కెడ

ముల్లు తిరిగే కాటాకు బ్యాటరీ అవసరం లేదన్నది ఒక్కటే మేలు. దాని గుర్తులు సాధారణంగా ఇరవై గ్రాములకో, అంతకన్నా ఎక్కువకో ఒకటి చొప్పున ఉంటాయి, స్ప్రింగ్ వాడకంతో సాగుతుంది, పక్కనుంచి చూస్తే ముల్లు ఒక చోట, ఎదురుగా చూస్తే మరో చోట ఉన్నట్టు కనిపిస్తుంది. కూరగాయలు, మాంసం కిలోల్లో తూచుకోవడానికి సరే గాని కేలరీల లెక్కకు నేను దీన్ని సిఫారసు చేయను. పాత తక్కెడ నిజానికి దీనికంటే నమ్మకమైనది, రెండు పళ్ళాలనూ సరితూచే పనిముట్టుకు కాలంతో సాగిపోయే భాగం లేదు. కానీ చిన్న రాళ్ళు సమకూర్చుకోవడం, ప్రతి పదార్థానికీ రాళ్ళు మార్చడం వంట జరుగుతుండగా అయ్యే పని కాదు.

ఒక గ్రాము డిజిటల్ కాటా: కొనేముందు ఏం చూడాలి

దీని లోపల ఒక లోహపు కడ్డీ ఉంటుంది. పైన బరువు పడినప్పుడు ఆ కడ్డీ కంటికి కనిపించనంతగా వంగుతుంది, దానికి అంటించిన సన్నని రేకుల విద్యుత్ నిరోధం ఆ వంపుకు తగ్గట్టు మారుతుంది, ఆ మార్పునే కాటా గ్రాములుగా చూపుతుంది. ఈ ఒక్క విషయం తెలిస్తే కొనుగోలులోనూ వాడకంలోనూ చాలా సందేహాలు తీరిపోతాయి. కడ్డీ వేడికి స్పందిస్తుంది కాబట్టి పొయ్యి మీంచి దించిన సట్టిని నేరుగా కాటా మీద పెట్టకూడదు, చెక్కపలకనో, దళసరి పింగాణీ టైలునో మధ్యలో పెట్టి, దాని బరువును సున్నా చేసుకోవాలి. కడ్డీ ఒకసారి మితిమీరి వంగితే మళ్ళీ సరికాదు కనుక కాటా మీద గిన్నెలు పేర్చి దాచకూడదు. నాలుగు కాళ్ళూ సమంగా ఆనకపోతే బరువు పక్కకు పడుతుంది, కాబట్టి వంటగట్టు మీద నునుపు చేసిన కడప బండ ఉంటే ఆ చోటును, గరుకు బండ అయితే సమంగా ఉన్న మరో చోటును ఎంచుకోవాలి. గుడ్డ పరిచి దాని మీద కాటా పెట్టడం మంచిది కాదు.

అంగట్లో చూడవలసిన మొదటి విషయం సామర్థ్యం. ఒకటి లేదా రెండు కిలోల కాటా కొంటే, కుక్కర్‌ను వండిన పదార్థంతో సహా తూచాల్సి వచ్చినప్పుడు చేతులెత్తేస్తుంది. ఐదు కిలోలు చాలు. పది కిలోలని రాసి ఉన్న చౌక కాటాలు కూడా ఒక గ్రాము చూపుతాయి, అయితే తెర మీద ఒక గ్రాము చూపడం వేరు, ఒక గ్రాము వరకు నిజంగా సరిగ్గా తూచడం వేరు. ఈ తేడాను తయారీదారులు పెట్టె మీద చిన్న అక్షరాల్లో కూడిక తీసివేత గుర్తుతో రాస్తారు, కొందరు అసలు రాయరు. రెండవది, తూచే పళ్ళెం మీద మన తట్ట పెట్టినప్పుడు అంకెలు కనిపిస్తాయా లేదా అన్నది. వెడల్పాటి తట్ట అంకెల తెరను పూర్తిగా కప్పేస్తే ప్రతిసారీ వంగి కిందినుంచి చూడాల్సి వస్తుంది, ఈ చిన్న విసుగే చాలామంది తూచడం మానేయడానికి కారణమవుతుంది. మూడవది బ్యాటరీ: గోడ గడియారానికో, టీవీ రిమోట్‌కో వేసే మామూలు సెల్ పట్టే కాటా అయితే పల్లెలోని అంగట్లో కూడా సెల్ దొరుకుతుంది. గుండీ ఆకారపు సెల్ కోసం ఒక్కోసారి టౌనుకు రావలసి వస్తుంది. సెల్ నీరసించినప్పుడు కాటా ఆగిపోవడానికి ముందే అంకెలు అటూ ఇటూ ఊగడం మొదలుపెడతాయి, అప్పుడే మార్చేయాలి.

కొలత మార్చే మీట గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చాలా కాటాల్లో గ్రాములతో పాటు మిల్లీలీటర్లు కూడా కనిపిస్తాయి, కానీ కాటాకు పరిమాణం తెలిసే మార్గం లేదు, అది నీటి సాంద్రతను ఊహించుకుని గ్రాముల అంకెనే మిల్లీలీటర్లుగా చూపుతుంది. నూనెను ఆ పద్ధతిలో తూచితే తొమ్మిది శాతం తప్పు వస్తుంది. ఎప్పుడూ గ్రాముల్లోనే ఉంచితే ఈ తలనొప్పి ఉండదు. పిల్లలో, పనిమనిషో తెలియక ఆ మీట నొక్కి ఉండవచ్చు కనుక తూచేముందు తెర మూలన ఉన్న గుర్తును ఒకసారి చూసుకోవడం మంచిది.

చౌక కాటాలలో మరో లక్షణం ఉంది, దీన్ని అమ్మేవారు చెప్పరు. అంకె సున్నా దగ్గర ఉన్నప్పుడు వచ్చే చిన్న మార్పును తనంతట తానే సరిచేసి మళ్ళీ సున్నాకు తెచ్చుకునే ఏర్పాటు వాటిలో ఉంటుంది. గిన్నె పెట్టి సున్నా చేసి, చెనిక్కాయల పొడిని నెమ్మదిగా చిలకరిస్తూ పోతే, మొదటి మూడు నాలుగు గ్రాములు పడినా తెర మీద సున్నాయే ఉండవచ్చు. దీనికి ఉపాయం తేలిక: సున్నా చేయకుండా గిన్నె బరువును చూసి, ఆ అంకె నుంచి పైకి ఎంత పెరిగిందో చూడాలి, లేదా పొడినంతా ఒక్కసారే వేయాలి.

నూనెను తూచే పద్ధతి

గరిటెలోకి నూనె పోసి, గరిటెను తూచి, గరిటెకు అంటిన నూనెను వదిలేసి లెక్క రాయడం కంటే నూనె సీసానే తూచడం మేలు. సీసాను కాటా మీద పెడితే 684 అని చూపిందనుకుందాం. తిరగవాతకు కావలసినంత బాణలిలో పోసి, మూతి తుడిచి, సీసాను మళ్ళీ పెడితే 671 చూపుతుంది. పడింది పదమూడు గ్రాములు, అంటే 117 కేలరీలు. చెంచా కడగనవసరం లేదు, అంటుకుని పోయిందేమీ లేదు, పైన చెప్పిన సున్నా సమస్య కూడా రాదు. సీసా పెట్టినప్పుడు సున్నా మీట నొక్కితే, తిరిగి పెట్టినప్పుడు తెర మీద తీసివేత గుర్తుతో 13 అని నేరుగా కనిపిస్తుంది, కానీ వంట హడావుడిలో కాటా తనంతట తాను ఆరిపోతే ఆ సున్నా పోతుంది కాబట్టి మొదటి అంకెను గుర్తుంచుకోవడమే క్షేమం. నెయ్యి డబ్బాకు, బెల్లం డబ్బాకు, ఊరగాయ జాడీకి, చెనిక్కాయల పొడి సీసాకు ఇదే పద్ధతి వర్తిస్తుంది. ఒక్కరి తట్టలో పడేదాన్ని తూచాలంటే జాడీని భోజనాల దగ్గరే కాటా మీద ఉంచితే సరిపోతుంది.

బజ్జీలు, పూరీల వంటి వేపుళ్ళకు కూడా బాణలిలో పోసిన నూనె బరువు, వేపడం ముగిశాక చల్లారి మిగిలిన నూనె బరువు రెండూ తూచి, తేడాను వండిన మొత్తం మీద పంచుకోవచ్చు. ఇది నూటికి నూరు శాతం సరికాకపోయినా ఊహకన్నా ఎన్నో రెట్లు నయం.

కాటాయే లేని ఇంట్లో కూడా నూనె లెక్క తేల్చుకోవచ్చు. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్ల నూనె ఖర్చయితే, లీటరుకు 910 గ్రాముల చొప్పున 3,640 గ్రాములు. దాన్ని నలుగురికీ ముప్పై రోజులకూ పంచితే మనిషికి రోజుకు ముప్పై గ్రాములు, అంటే సుమారు 270 కేలరీలు ఒక్క నూనె నుంచే వస్తున్నట్టు. వేపుడు తర్వాత పారేసినది ఉంటే తీసేసుకోవచ్చు. రోజువారీ లెక్కలో నూనె వంద కేలరీలే అని రాసుకుంటున్న వారికి తప్పెక్కడుందో ఈ నెలవారీ లెక్క పట్టిస్తుంది.

నగలు తూచే బుల్లి కాటా, ఫోనుతో జతపడే కాటా

గ్రాములో నూరోవంతు చూపే బుల్లి కాటా ఆకర్షణీయంగా ఉంటుంది. కానీ అది మోయగలిగేది సాధారణంగా రెండు వందల గ్రాములు, మహా అయితే ఐదు వందలు. మన స్టీలు గిన్నె బరువే అందులో సగానికి పైగా మింగేస్తుంది. పైన ఫ్యాను తిరుగుతుంటే అంకె నిలబడదు. ఆహార పట్టికలోని విలువలే రకాన్ని బట్టి, నేలను బట్టి, తేమను బట్టి కొన్ని శాతాలు మారుతుంటాయి, అలాంటప్పుడు బరువును నూరోవంతు గ్రాము వరకు తెలుసుకుని సాధించేది కేలరీల పరంగా ఏమీ లేదు. ఉప్పును తగ్గించుకోవలసిన రక్తపోటు రోగులకు మాత్రం ఇది ఉపయోగపడుతుంది. పెద్దవారు రోజుకు ఐదు గ్రాముల లోపే ఉప్పు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది, ఒక్కరి వంటలో ఒకటిన్నర గ్రాముల ఉప్పును ఒక గ్రాము కాటాతో నమ్మకంగా తూచలేము. ఒంటరిగా గదిలో వండుకునేవారు, ఒక పూటకు ఐదారు గ్రాముల నూనెతో సరిపెట్టుకునేవారు మధ్యేమార్గంగా పదోవంతు గ్రాము చూపుతూ రెండు మూడు కిలోలు మోసే కాటాను చూడవచ్చు. కాఫీ తయారీకని అమ్మేవి ఈ కోవలోనివే. ధర కొంచెం ఎక్కువ, అంతే.

ఫోనుతో జతపడే కాటాలు తూకంలో మామూలు వాటికన్నా మెరుగేమీ కాదు, అదనంగా ఇచ్చేది లెక్క రాసిపెట్టే సౌకర్యం. ఆ లెక్క నమ్మదగ్గదిగా ఉండాలంటే యాప్‌లోని ఆహార జాబితా మన వంటకు సరిపోవాలి. సంగటి అని వెతికితే ఎవరో నమోదు చేసిన, నీటి పాళ్ళు తెలియని అంకె వస్తుంది. ఇంటి వంటను దినుసుల వారీగా మనమే నమోదు చేసుకోగల యాప్ అయితే మామూలు కాటా పక్కన పెట్టుకుని ఉచితంగానే ఆ పని చేసుకోవచ్చు.

తెచ్చిన కాటాను పరీక్షించడం

అంగట్లో సరుకు తూచి అమ్మే కాటాలను 2009 నాటి తూనికలు కొలతల చట్టం కింద అధికారులు తనిఖీ చేసి ముద్ర వేయాలి. ఇంటి వాడకానికి అమ్మే కాటాలకు ఆ ముద్ర ఉండదు, కాబట్టి పరీక్ష మనమే చేసుకోవాలి. పది రూపాయల నాణెం సుమారు 7.7 గ్రాములు ఉంటుంది. పది నాణేలు పేర్చితే కాటా 77 చూపాలి, ఒకటి అటూ ఇటూ అయితే పరవాలేదు. మందుల అంగట్లో దొరికే పది మిల్లీలీటర్ల సిరంజితో గ్లాసులోకి నీళ్ళు పోస్తూ పోతే ఒక్కోసారికి పది గ్రాములు చొప్పున పెరగాలి. ఇది చిన్న బరువుల దగ్గర కాటా ఎంత నిజం చెబుతుందో చూపే మంచి పరీక్ష. పెద్ద బరువుకు, ముద్ర ఉన్న కాటా మీద తూచి తెచ్చుకున్న కిలో బియ్యాన్ని ఇంటి కాటా మీద పెట్టి చూడవచ్చు. అదే గిన్నెను పళ్ళెం మధ్యలోనూ నాలుగు అంచుల దగ్గరా పెట్టినప్పుడు అంకె రెండు మూడు గ్రాములకు మించి మారితే ఆ కాటాను మార్పించుకోవడం మంచిది. ఈ పరీక్షలన్నీ వాపసు గడువులోపే చేయాలి.

పచ్చిగా తూచాలా, వండాక తూచాలా

కాటా ఎంత మంచిదైనా ఇక్కడ తడబడితే లెక్క మూడింతలు తప్పుతుంది. వంద గ్రాముల బియ్యం ఉడికాక నీటిని పీల్చుకుని 250 నుంచి 300 గ్రాముల అన్నమవుతుంది. తట్టలోని 250 గ్రాముల అన్నాన్ని తూచి, పట్టికలోని బియ్యం విలువతో గుణిస్తే 890 కేలరీలు వస్తాయి, నిజానికి అందులో ఉన్నవి 300 నుంచి 350 వరకే. అన్నానికి ముద్రిత విలువ వాడుకోవచ్చు గాని, మెత్తగా వండే ఇంటికీ పలుకుగా వండే ఇంటికీ అది ఒకేలా సరిపోదు. సంగటికైతే ముద్రిత విలువ మీద అసలే ఆధారపడలేము, ఎందుకంటే పిండి, నూక, నీళ్ళ పాళ్ళు ఇంటింటికీ మారతాయి.

సరైన దారి దినుసులను పచ్చిగా తూచి, వండిన మొత్తాన్ని మళ్ళీ తూచడం. రెండు వందల గ్రాముల రాగిపిండికి 642 కేలరీలు, వంద గ్రాముల బియ్యానికి 356, మొత్తం 998. సట్టి ఖాళీ బరువును ముందే తూచి, దాని అడుగున మేకుతో గీయడమో, గోడ మీది క్యాలెండర్ వెనుక రాసుకోవడమో చేస్తే పదేపదే తూచనవసరం లేదు. సంగటి కెలికి దించాక సట్టితో సహా తూచి ఖాళీ బరువు తీసేస్తే 1,100 గ్రాములు వచ్చిందనుకుందాం. అప్పుడు వంద గ్రాముల సంగటికి 91 కేలరీలు. మీ ముద్ద 350 గ్రాములైతే దాదాపు 318. ఇదే పాళ్ళతో, ఇదే సట్టిలో వండినంత కాలం ఈ అంకెను మార్చకుండా వాడుకోవచ్చు. దీని పక్కన చట్నీ చూడండి: అరవై గ్రాముల చెనిక్కాయ విత్తనాలకు 312, పది గ్రాముల నూనెకు 90, మిరపకాయలు, చింతపండు పక్కన పెడితే మొత్తం 402. నూరిన తర్వాత 160 గ్రాములైతే, సంగటితో నంజుకున్న నలభై గ్రాములకే వంద కేలరీలు వచ్చినట్టు. ముద్ద మీద చూపే శ్రద్ధ చట్నీ మీద చూపనివారి లెక్క ఎందుకు తప్పుతుందో ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.

నాటుకోడి పులుసు, మటన్ వంటివాటిలో ఎముకల బరువు తీసేయాలి. తట్టలో వేసుకున్న ముక్కలను తూచి, తిన్నాక మిగిలిన ఎముకలను తూచి తీసేయడం అన్నిటికన్నా సులువు. మామిడిపండుకు టెంక, తొక్క, ఉడికించిన చెనిక్కాయలకు పొట్టు కూడా అంతే. ఉడికించిన కాయల్లో విత్తనం నీరు పీల్చుకుని ఉంటుంది కాబట్టి వాటికి ఎండు విత్తనాల విలువ వర్తించదు.

ఎవరికి ఏది

పెద్ద కుటుంబంలో ఒక్కరు మాత్రమే లెక్క పాటిస్తుంటే, అందరి వంటనూ గ్రాముల్లో తూచమని వండేవారిని ఇబ్బంది పెట్టడం సబబు కాదు. ‘అత్తా, సీసా మాత్రం ముందొకసారి, తర్వాతొకసారి కాటా మీద పెట్టు, మిగతాది నేను చూసుకుంటా’ అని అడిగితే ఎవరూ కాదనరు. నూనె, చెనిక్కాయలు, బియ్యం, పిండి, ఈ నాలుగింటి పచ్చి బరువులు దొరికితే లెక్కలో ముఖ్యభాగం దొరికినట్టే. ఇటువంటి ఇంటికి ఐదు కిలోల కాటా తప్ప వేరేది అక్కరకు రాదు. గదిలో ఉండి చదువుకునేవారు, హోటల్ భోజనం మీద ఆధారపడేవారు ఉగ్గానినో, కారం దోసెనో పార్శిల్ తెచ్చి ఒకసారి తూచి చూసుకోవచ్చు, కానీ అందులోని నూనె కాటాకు తెలియదు. దోసెను కాగితం మీద పెడితే కాగితం ఎంత తడుస్తుందో చూసి, లెక్కలో ఒకటి రెండు పెద్ద చెంచాల నూనె అదనంగా వేసుకోవడమే నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఇన్సులిన్ తీసుకునేవారు తూకాన్ని పిండిపదార్థాల లెక్కకు వాడుతుంటే, డాక్టరుతోనో ఆహార నిపుణులతోనో మాట్లాడి, ఏవి తూచాలో వారి చేత రాయించుకోవాలి. ఎదిగే పిల్లల తట్టను తూచకూడదు. తూచకుండా ముద్ద నోట పెట్టుకోవడానికి భయపడే స్థితికి ఎవరైనా వస్తే, ఏ కాటా కొనాలన్న ప్రశ్నను పక్కన పెట్టి వైద్యుల సాయం తీసుకోవాలి.

ఇప్పటికీ ఎటూ తేల్చుకోలేనివారు నూనె నెలవారీ లెక్కతో మొదలుపెట్టి, మనిషికి రోజుకు ఎన్ని గ్రాములు పడుతోందో చూడండి. ఆ అంకె మీరు అనుకున్నదానికి దగ్గరగా ఉంటే కొలత చెంచాలతోనే కొంతకాలం నడిపించవచ్చు. దూరంగా ఉంటే కాటా తెచ్చుకుని, మొదటి వారమంతా నూనె సీసాను, చెనిక్కాయల డబ్బాను మాత్రమే తూచి, రెండవ వారం నుంచి బియ్యాన్నీ పిండినీ కలుపుకోండి. కాటాను పొయ్యికి ఎడంగా, తడి తగలని చోట, చేతికి అందే ఎత్తులో ఉంచి, దాంతో పాటు ఒక జత సెల్‌లు కూడా తెచ్చి పెట్టుకోండి.